ఊరికొక్క నిరభిమాని

నమోదు 1

కొత్త ఏడాది కాబట్టి అంకె మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పేరు కుళ్ళాయప్ప. ఊరు నీడపురం. ఉద్యోగం మణిసింధు వినోదవనంలో నిరభిమాని. రోజూ పొద్దున గేట్లు తెరవకముందే ఆటలన్నీ ఒకసారి ఎక్కి దిగి, ఒంటికి ఏం తెలిసిందో ఇందులో రాయాలి. కథ గురించి రాయకూడదు. రాద్దామన్నా నాకు తెలియదు. అందుకే కదా ఈ ఉద్యోగం ఇచ్చారు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఉలిపికట్టెకు జీతమిచ్చి పోషించే ఊరు మాత్రం మాదొక్కటే. గోడల మీద ఆడే మణిసింధు గాథ చూడనివాడు ఈ కప్పు కింద నేనొక్కడినే మిగిలాను. ఊరి మీద ఎండకు కప్పు వేస్తున్న రోజుల్లో నేను కొండ మీద గాలిమరలకు కాపలా ఉన్నాను. అక్కడికి ఏ బొమ్మా అందేది కాదు. కిందికి దిగేసరికి జనం ఆ గాథలోని పేర్లు పిల్లలకు పెట్టేసుకుంటున్నారు. వనం కట్టినవాళ్ళు నా సంగతి విని పిలిపించారు. అభిమానుల మాట నమ్మలేమప్పా, చెక్కపెట్టె మీద గాథలో ఈటె పట్టుకునే ఆయన బొమ్మ అంటించి ఎక్కించినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, ఆట బాగుందో లేదో చెప్పడానికి ఏమీ తెలియని ఒళ్ళొకటి కావాలి అన్నారు.

పడవ: గాలి ఉంది. నీళ్ళు ఉన్నాయి. మూడో మలుపులో అడుగుచెక్క గోడకు రాసుకుంది, పాత చప్పుడే. వంతెన కింద చల్లగా ఉంది. జలపాతం దగ్గర పేగులు గొంతులోకి వచ్చాయి. తల తడిసింది. బాగుంది.

నమోదు 6

కథ తెలియకుండా నీకేం సుఖమని టీకొట్టు ఎర్రిస్వామి ఈ రోజు మళ్ళీ అడిగాడు. వండినవాడి గోత్రం తెలియకపోతే కూర రుచించదా అన్నాను. వాడికి నచ్చలేదు.

పై అధికారులు ఇది చదువుతారు కాబట్టి విడమరిచి రాస్తున్నాను. కప్పు వేశాక ఎండదెబ్బకు చచ్చేవాళ్ళు లేరు. మంచిదే. కానీ కప్పు కింద గాలి కదలదు. వాన పడితే నెత్తిమీద చప్పుడు వింటాం, అంతే. ఈ ఊళ్ళో మనిషి మీద నీళ్ళు పడేది, మొహానికి గాలి కొట్టేది పడవలోనే. ఆ గాలిని సొరంగంలోంచి కొండ మీద నుంచి లాక్కొస్తారు. అది నా కొండ గాలి. ఎండుగడ్డి వాసన దానితోనే వస్తుంది. ఇంత ఉండగా ఈటె ఆయన ఎవరి కొడుకైతే నాకేం?

నమోదు 9

నేను టీకొట్టులో కాలు పెట్టగానే మాటలు ఆగిపోతాయి. "కుళ్ళాయప్ప వచ్చినాడు, వాన మాటెత్తండి" అంటాడు ఎర్రిస్వామి. అప్పటిదాకా గాథ గురించి కొట్టుకుంటున్న జనమంతా వానెప్పుడు పడుతుందో, పడితే కప్పు ఎక్కడ కారుతుందో మాట్లాడుకుంటారు. మంగలి తన గోడమీది బొమ్మను వెనక్కి తిప్పుతాడు. నా చెవిలో కథ పడితే నా ఉద్యోగం పోతుందని ఊరంతా నన్ను ఇలా కాపాడుకొస్తోంది. ఒక్కోసారి చిరాకేస్తుంది. నేనెప్పుడు చస్తానా, హాయిగా మాట్లాడుకుందామా అని వాళ్ళకూ ఉంటుందేమో.

అందరికంటే ఎక్కువ నోరు కట్టుకున్నది మా అక్క సంజమ్మ. ఇంట్లో మేమిద్దరమే. ఆమె చేతికి ఏడు గీతల కంకణం ఉంది. అభిమానానికి అంతకు మించిన మెట్టు లేదు. పింఛను వచ్చేదాకా వనంలో ఆమె ఉద్యోగం వరస కథ చెప్పడం. అంటే పడవ కోసం వరసలో నిలబడిన పిల్లలకు కాళ్ళు పీకకుండా గాథ చెప్పడం. ఆమె చెబుతుంటే వరస ముందుకు కదిలినా పిల్లలు కదిలేవాళ్ళు కాదట. ఇంట్లో మాత్రం ఒక్క ముక్క ఎత్తలేదు. బజార్లో గోడమీద గాథ ఆడుతుంటే అరచేత్తో నా కళ్ళు మూసి నడిపించేది. నెరిసిన తలకాయవాణ్ణి అక్క అలా తీసుకుపోతుంటే చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు.

శుక్రవారాలు ఇద్దరం కలిసి పడవ ఎక్కుతాం. ఆమె బొమ్మల్ని చూస్తూ కూర్చుంటుంది. మలుపు వస్తోంది గట్టిగా పట్టుకో అని చెప్పేది నేను.

నమోదు 19

కప్పు మీద దుమ్ము ఊడ్చే రోజు. మా వీధి వంతు. నిచ్చెన దిగి వచ్చేసరికి వనం అధికారి పర్వీన్ మేడం కబురు పంపింది. పడవలో కొత్త పీఠాలు బిగించారు.

పీఠం మనిషిలోని జ్ఞాపకాన్ని లేపుతుందట. గాథను ప్రేమించినవాడు కూర్చుంటే, మొదటిసారి చూసిననాటి సంతోషం ఉన్నదున్నట్టు తిరిగొస్తుందట. నన్ను కూర్చోబెట్టారు. నడుముకు వెచ్చగా తగిలింది, అంతే. గేట్లు తెరిచాక జనం ఎక్కారు. దిగుతూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. అక్క కూడా ఎక్కింది. దిగాక ఎట్లుందక్కా అంటే, "బాగుండాదిలే, నడుం కాలిందబ్బీ" అంది.

నమోదు 27

పడవ: గాలి లేదు. నీళ్ళు ఉన్నాయి.

సొరంగం మూత వేశారు. ఎందుకని అడిగితే పీఠాల లెక్కలు చూపించారు. గాలి ఉన్నప్పుడూ లేనప్పుడూ జనం నాడి ఒక్కలాగే ఎగురుతోంది. టీకొట్టుకు వెళితే ఎర్రిస్వామి సంతోషంతో ఒళ్ళు తెలియకుండా ఉన్నాడు.

"ఈ పొద్దు గాలి ఎట్ల కొట్టిందనుకున్నావు కుళ్ళాయప్పా! తలగుడ్డ ఎగిరిపోయినట్లయింది!"

"గాలి ఆపేసినారప్పా."

"నీకు తెల్దులే."

ఇంతకాలం అలాంటి సంగతుల్లో తెలిసినవాడిని నేనే. కోపం వచ్చింది. టీ తాగకుండా వచ్చేశాను.

నమోదు 38

నీళ్ళు సగానికి తగ్గాయి. పడవ చక్రాల మీద మెల్లగా దొర్లుతోంది. పర్వీన్ మేడం గదికి వెళ్ళాను. ఆమె నాకంటే చాలా చిన్నది, అయినా పై అధికారి. ఇద్దరం ఒకరినొకరం గౌరవంగానే పిలుచుకుంటాం.

"రోజూ రాస్తాండానమ్మా, గాలి లేదని. ఎవరన్నా చదువుతాండారా?"

"నేను చదువుతున్నానన్నా. కానీ నీళ్ళెంత అవుతాయో మీకు తెలుసు కదా. ఆ నీళ్ళు కూరమళ్ళకు మళ్ళిస్తే రెండు వీధులకు ఆకుకూర వస్తుంది. జనానికి ఆటలో లోటేమీ తెలియడం లేదు."

"నాకు తెలుస్తాండాది."

"మీరొక్కరు. ఒక్కరే అంటే ఆ మనిషిలో తేడా అంటారు పైవాళ్ళు. ఇద్దరంటే లెక్కలోకి తీసుకుంటారు. రెండో నిరభిమానిని యాడ తెచ్చేది చెప్పండి, ఈ ఊళ్ళో?"

ఆకుకూర వద్దనలేను. అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారమ్మా అని మాత్రం అన్నాను. ఆమె నొచ్చుకుంది. ఆమె కూడా రోజూ పీఠం మీద కూర్చుంటుందని తర్వాత తెలిసింది.

నమోదు 41

సంగటి కెలుకుతుంటే అక్క వెనక నుంచి అడిగింది.

"అబ్బీ, వంతెన కాడ ఆయప్ప ఏమన్నాడు?"

తెడ్డు జారింది. ఇంట్లో ఆమె గాథ మాట ఎత్తడం ఇదే మొదటిసారి. "యా ఆయప్పక్కా?" అన్నాను.

"అదే, ఈటె పట్టుకుంటాడే. వంతెన కాడ ఏందో అంటాడు. అందరూ ఏడుస్తారు. పొద్దున్నుంచి తలకాయ బద్దలు కొట్టుకుంటాండా, రాలేదు."

నాకు భయం వేసింది. ఆమె పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తోందని, పక్కవీధికి వెళ్ళి దారి మరిచిపోయి నిలబడిపోతోందని తెలుసు. వయసు అనుకున్నాను. కానీ గాథను మరిచిపోవడమంటే వేరు. ఆమెకు అన్నం పెట్టింది, పేరు తెచ్చింది అదే.

ఊళ్ళో ఏ గడప తొక్కి అడిగినా ఆ మాటేమిటో చెబుతారు. ఆమె అడిగింది మాత్రం చెప్పలేని ఒకే ఒక్కణ్ణి. ఇన్నేళ్ళూ ఆమె నాకు చెప్పి ఉంటే ఈ రోజు తిరిగి చెప్పేవాణ్ణి. నా ఉద్యోగం కోసం దాచుకుంది, దాచింది దాచినట్టే పోతోంది.

నమోదు 47

అక్కను ఆసుపత్రిలో చూపించాను. మతిమరుపు జబ్బే అన్నారు. మందు ఇచ్చారు. డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది.

"ఆయమ్మకు ఇష్టమైన కథే కదా, రోజూ చెప్తా ఉండండి. కొంతన్నా నిలుస్తుంది. ఇంట్లో మనిషి చెప్తే మేలు, బయటోళ్ళయితే బెదురుతారు."

ఊరికి కొత్త కాబట్టి నేనెవరో ఆమెకు తెలియదు. నిరభిమానినని చెప్పాను. ఆమె కలం కింద పెట్టి నా వంక, అక్క వంక చూసింది.

ఎర్రిస్వామిని బతిమాలి సాయంత్రం ఇంటికి రప్పించి, నేను వీధి చివర నిలబడ్డాను. పట్టుమని పది మాటలు చెప్పాడో లేదో బయటికి వచ్చేశాడు. "'ఎవురి కతో నాకెందుకు, పోరా' అనిందప్పా మీ అక్క" అన్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. ఎర్రిస్వామికి ఆ కథ మొదట చెప్పింది అక్కేనట.

నమోదు 52

పడవ: గాలి లేదు. నీళ్ళు లేవు. పడవ కదలలేదు.

అంటే కదపడం మానేశారు. చీకటి గదిలో పడవ ఉంటుంది, పీఠాలు ఉంటాయి, ఎదురుగా ఈటె ఆయన ఉంటాడు. జనం ఎక్కుతారు, కాసేపు కూర్చుంటారు, కేకలు వేస్తారు, ఒళ్ళు తుడుచుకుంటూ దిగుతారు. తడవని ఒళ్ళు.

శుక్రవారం కాబట్టి అక్కను తీసుకెళ్ళాను. మా ముందూ వెనకా జనం జలపాతం వచ్చినప్పుడు ఎలా అరుస్తారో అలా అరిచారు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అబ్బీ, పడవ ఎప్పుడు కదుల్తాది?"

"కదల్దక్కా. నిలిపేసినారు."

"మల్ల వీళ్ళంతా యాడికి పోయొస్తాండారు?"

ఆమె కంకణానికి ఏడు గీతలున్నాయి, పీఠానికి లేపడానికి మాత్రం లోపల ఏమీ మిగల్లేదు. గాలీ నీళ్ళూ ఉంటే ఒంటికైనా తెలిసేది. పసిపిల్లలా చీకట్లో కూర్చుని కదలని పడవ కోసం ఎదురుచూసింది. వారమంతా శుక్రవారం ఎప్పుడని అడిగే మనిషి, దిగాక మళ్ళీ వద్దాం అనలేదు.

నమోదు 55

తేల్చుకోవలసి వచ్చింది. నేను గాథ చూసి నేర్చుకుంటే అక్కకు రోజూ చెప్పొచ్చు, కొంతైనా నిలవొచ్చు. కానీ చూసిన రోజే నా ఉద్యోగం పోతుంది. జీతం పోతే పోయింది, అక్క పింఛనుతో గంజి తాగుతాం. కానీ పడవ కదలడం లేదని చెప్పే ఒళ్ళు ఊళ్ళో ఇంకొకటి ఉండదు. ఇక అది ఎప్పటికీ కదలదు. రెండూ అక్కవే, కథా పడవా. ఒకటే దక్కుతుంది.

కథే అనుకున్నాను. ఇన్నేళ్ళూ నా కోసం నోరు కట్టుకుంది, ఇప్పుడు నా వంతు అనుకున్నాను.

నమోదు 56

మధ్యాహ్నం అన్నాలయ్యాక తలుపు వేసి, పక్కింటి నుంచి తెచ్చిన బొమ్మలపెట్టెను గోడవైపు తిప్పాను. అక్క మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గోడ వెలిగింది. నల్లటి కొండ, ఎర్రటి ఆకాశం, దూరంగా గుర్రం మీద ఎవరో వస్తున్నారు. వాద్యం మోగింది.

అంతలో చీకటైంది. చిక్కుడు వాసన. అక్క అరచెయ్యి నా కళ్ళ మీద ఉంది.

"కండ్లు మూసుకోబ్బీ. నువ్వు చూడగూడదు."

"ఎందుకు చూడగూడదక్కా?"

ఆలోచించింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"అదేమో నాకు తెల్దు. నువ్వు మాత్రం చూడగూడదు."

గుర్రం మీద వచ్చేదెవరో ఆమెకు గుర్తులేదు. వంతెన గుర్తులేదు. ఆ రోజు వారమేమిటో కూడా చెప్పలేకపోయింది. నన్ను కాపాడాలన్నది మాత్రం ఆ చేతిలో అలాగే ఉంది. చాలాసేపు ఏడ్చాను. ఒంటికి తెలిసింది రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ చేతి కిందే తడుముకుంటూ వెళ్ళి పెట్టె ఆపేశాను. ఈటె ఆయన కథ నేను చూడలేదు. గుర్రం, కొండ చూశాను. అది తప్పయితే పైవాళ్ళు చెప్పొచ్చు.

సాయంత్రం చిక్కుళ్ళు నేను ఒలుస్తుంటే బుర్ర పనిచేసింది. రెండో నిరభిమానిని యాడ తెచ్చేది అంది పర్వీన్ మేడం. నా ఇంట్లోనే ఉంది.

నమోదు 60

అక్కను వెంటబెట్టుకుని గేట్లు తెరవకముందే వనానికి వెళ్ళాను. సంగతి చెబితే పర్వీన్ మేడం నమ్మలేదు.

"సంజమ్మత్తనా? నిరభిమానా? ఏం మాటన్నా అది! నాకు గాథ చెప్పిందే ఆయమ్మ. చిన్నప్పుడు పడవ ఎక్కకుండా మళ్ళీ వరస చివరికి పోయి నిలబడేదాన్ని, ఇంకోసారి వినొచ్చని."

"కూర్చోబెట్టి చూడమ్మా."

ముగ్గురం కదలని పడవలో కూర్చున్నాం. నాడి చూపే పీఠం ముల్లు పర్వీన్ మేడం వైపు ఎగిరి పడింది. అక్క వైపు పడుకునే ఉంది. మేడం యంత్రాన్ని తట్టింది, తీగలు చూసింది, అక్కను తన పీఠంలోకి మార్చింది. ముల్లు లేవలేదు.

"అత్తా, వంతెన కాడ ఆయన..." అని మొదలుపెట్టి, నేనున్నానని గుర్తొచ్చి చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను చెవులు మూసుకున్నాను. మేడం అక్క చెవి దగ్గర ఏదో అడిగింది. అక్క పెదవులు కదలడం కనిపించింది. ఏమీ గుర్తులేదని చెబుతోందని మేడం మొహం చూస్తేనే తెలిసింది.

చెవుల మీద చేతులు తీసేసరికి అక్క ఆమె గడ్డం పట్టుకుని ఓదారుస్తోంది.

"ఏడవద్దు పాపా. పడవ ఎప్పుడు కదుల్తాదో నువ్వన్నా చెప్పు."

పర్వీన్ మేడం కళ్ళు తుడుచుకుంది. తర్వాత పైవాళ్ళకు ఫోన్ చేసింది. ఏడు గీతల కంకణం ఉన్న మనిషికి పీఠం సున్నా చూపిస్తోందని, నిరభిమానులు ఇప్పుడు ఇద్దరని, ఇద్దరూ పడవ కదలడం లేదంటున్నారని చెప్పింది. అవతల గొంతు ఏదో గట్టిగా అంటోంది. "కాదు సార్, తేడా కాదు" అంది మేడం. "ఆమెకు పట్టిన గతి రేపు మనకు పట్టదా? అప్పుడు మనం కూడా చీకట్లో కూర్చోవాల్సిందేనా?"

ఫోన్ పెట్టేశాక కత్తెర తెచ్చింది. నిరభిమాని చేతికి కంకణం ఉండకూడదు. అక్క చెయ్యి చాపింది, గాజులు వేయించుకునే మనిషిలా. కంకణం తెగి ఒళ్ళో పడింది. మణికట్టు చుట్టూ తెల్లటి చార ఉంది. అక్క దాన్ని రుద్దుకుని, తేలిగ్గా ఉందంది.

నమోదు 71

పడవ: గాలి ఉంది. నీళ్ళు ఉన్నాయి. జలపాతం మునుపటంత ఎత్తు లేదు. మిగతా నీళ్ళు కూరమళ్ళకేనని పైవాళ్ళ షరతు. నేనూ ఒప్పుకున్నాను, ఆకుకూర నేనూ తింటాను కదా. మూడో మలుపులో పాత చప్పుడు.

ఈ రోజు అక్క నా పక్కన ఉద్యోగం మీద కూర్చుంది. సొరంగం మూత తీయగానే ఎండుగడ్డి వాసన వచ్చింది. అక్క కొంగు ఎగిరి నా మొహాన పడింది. వంతెన కింద చల్లగా ఉందని ఆమే అంది. ఈటె ఆయన దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చూసింది.

"ఎవురబ్బీ ఆయప్ప? ఈటె పట్టుకోని నిలబడ్నాడు?"

"నాకూ తెల్దక్కా."

"పోనీలే. మలుపొస్తాంది, గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను. జలపాతం ఇద్దరినీ తడిపింది. అక్క పకపకా నవ్వింది. అలాంటి నవ్వు విని ఎన్నాళ్ళైందో.

తడి బట్టలతోనే టీకొట్టుకు వెళ్ళాం. ఎర్రిస్వామి ఎవరితోనో గాథ గురించి చేతులు ఊపుతూ చెబుతున్నాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. ఇదివరకు నేను వస్తే ఆగేవాళ్ళు, ఇప్పుడు ఇద్దరం. ఎర్రిస్వామి గొంతు సవరించుకున్నాడు.

"వానెప్పుడు పడ్తాదో ఏమో" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"పడింది కదప్పా" అంది అక్క. "ఇట్ల చూడు, కొంగు పిండితే కారతాంది. మొదులు గాలొచ్చింది. ఉత్త గాలి గాదు, ఎండుగడ్డి వాసన గాలి. నా కొంగు లాక్కుపోవల్లని చూసింది. నేను ఇడిస్తానా..."

గ్లాసులు కింద పెట్టి జనం దగ్గరికి జరిగారు. మంగలి కత్తెరతోనే వచ్చాడు. అక్క బల్ల మీద కూర్చుని, చేతులు తిప్పుతూ, గొంతు పెంచి తగ్గిస్తూ చెప్పుకుంటూ పోయింది. వరసలో నిలబడిన పిల్లలు ముందుకు ఎందుకు కదిలేవాళ్ళు కాదో అప్పుడు నాకు తెలిసింది. నేను లేచి బయటికి పోనక్కర్లేదు, చెవులు మూసుకోనక్కర్లేదు. అక్క కథ చెబుతుంటే నేను వినడం ఇదే మొదటిసారి.